విదేశంలో రిటైరై వచ్చి తిరుపతిలో ఒక నెల పొదుపుగా కాపురం ఉండాలంటే

విదేశాల్లో ఉద్యోగం ముగించుకున్న మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "తిరుపతిలో ఉంటే నెలకు ఎంతవుతుంది?" దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. ఇక్కడ ఒకే ఊళ్ళో రెండు ఊళ్ళున్నాయి. రైల్వే స్టేషన్, బస్టాండు, అలిపిరి చుట్టూ ఉన్నది యాత్రికుల ఊరు. అక్కడ గది రోజు లెక్కన, భోజనం ప్లేటు లెక్కన, ఆటో బేరం లెక్కన. నాలుగు వీధులు అవతలికి వెళ్తే కాపురాలుండే ఊరు. అక్కడ ఇల్లు నెల లెక్కన, బియ్యం మూట లెక్కన, పాలు ఖాతా లెక్కన. మొదటి ఊళ్ళో ఎంత చెయ్యి బిగబట్టినా డబ్బు నిలవదు. రెండో ఊళ్ళోకి మారితే అంత బిగబట్టాల్సిన అవసరమే రాదు. కాబట్టి వచ్చిన వారం లోపల మొదటి ఊరి నుంచి రెండో ఊరికి ఎలా మారాలి, మిగతా మూడు వారాలు అక్కడే ఎలా నిలదొక్కుకోవాలి అన్నదే ఇక్కడ చెప్తున్నాను.

ఇది అరవై దాటిన దంపతులను దృష్టిలో పెట్టుకుని రాసింది. భారత పాస్‌పోర్టు గానీ ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) గానీ ఉన్నవాళ్ళకు సరిపోతుంది. ఒంటరిగా వచ్చేవాళ్ళు ఇంటద్దె తప్ప మిగతా ఖర్చులు సగానికి కొంచెం ఎక్కువ వేసుకోవచ్చు.

ముందు నెల ఎంచుకోండి

పొదుపు క్యాలెండరు దగ్గరే మొదలవుతుంది. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చల్లటి దేశంలో ముప్ఫై ఏళ్ళు ఉండి వచ్చిన ఒంటికి ఏసీ లేకుండా నిద్ర పట్టదు, కరెంటు బిల్లు ఇంటద్దెతో పోటీ పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో కురిసిన వానకు ఊళ్ళో ఎన్నో వీధులు చెరువులయ్యాయి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి పది రోజులు, జనవరి 1 చుట్టుపక్కల రోజులు వద్దే వద్దు. గదుల రేట్లు పెరగటం ఒక్కటే కాదు, ఆ జనంలో పెద్దవాళ్ళు తట్టుకోలేరు.

సంక్రాంతి అయ్యాక జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి వారం లోపు ఒక నెల చూసుకోండి. పొద్దున పూట చలి, మధ్యాహ్నం ఫ్యాను చాలు. విదేశాల్లో క్రిస్మస్ సెలవుల రద్దీ అయిపోయి ఉంటుంది కాబట్టి విమాన టికెట్టు కూడా డిసెంబరు కన్నా చవగ్గా దొరుకుతుంది. చెన్నైలో దిగి బస్సులోనో రైల్లోనో రావటం మూడు, నాలుగు గంటల పని. రేణిగుంట విమానాశ్రయం దాకా ఇంకో విమానం ఎక్కితే ఒళ్ళు అలవదు గానీ ఖర్చు పెరుగుతుంది. సామాను తక్కువగా ఉంటే చెన్నై దారే మేలు.

బయలుదేరే ముందు

పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు జిరాక్సులు నాలుగైదు సెట్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు పది తెచ్చుకోండి. సిమ్ కార్డు మొదలు ఇంటి ఒప్పందం దాకా ఇవే అడుగుతారు. ఓసీఐ ఉన్నవాళ్ళకు వీసా అక్కర్లేదు, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని కూడా లేదు. ఆధార్ మాత్రం వేరే సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు వచ్చిన వెంటనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఓసీఐ వాళ్ళకు ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటేనే అర్హత. కాబట్టి ఈ నెలకు ఆధార్ ఉంటేనే వచ్చే రాయితీలేవీ లెక్కలో వేసుకోవద్దు.

డబ్బు విషయంలో మూడు పనులు చేయండి. ఒకటి, ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్ళకు ఇక్కడి బ్యాంకులిచ్చే రూపాయల ఖాతా) లేకపోతే బయలుదేరకముందే తెరిపించుకోండి. రెండు, యూపీఐ సిద్ధం చేసుకోండి. అమెరికా, ఇంగ్లండ్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమాన్ వంటి దేశాల ఫోన్ నంబరుతోనే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలుంది. మీ బ్యాంకు ఆ సౌకర్యం ఇస్తోందో లేదో ముందే కనుక్కోండి. కొత్తిమీర కట్ట అమ్మే అవ్వ దగ్గర కూడా స్కానర్ ఉంటుంది, మీ దగ్గర యూపీఐ లేకపోతే ప్రతిచోటా చిల్లర తిప్పలే. మూడు, విదేశీ బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ చచ్చిపోకుండా చూసుకోండి. ఆ నంబరును రోమింగ్‌లో ఉంచి, రెండో స్లాటులో ఇక్కడి సిమ్ వేసుకోండి. ఈ ఒక్క పని చెయ్యక సొంత డబ్బు తీసుకోలేక అవస్థ పడేవాళ్ళు ఉన్నారు.

విదేశీ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: "మీ దేశపు కరెన్సీలో లెక్క కట్టమంటారా?" అని. వద్దు అని నొక్కండి. మీ బ్యాంకు ఇచ్చే రేటుతో పోలిస్తే ఆ మారకం రేటు వల్ల దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే. తీసేటప్పుడు చిన్న చిన్న మొత్తాలు కాకుండా వారానికి సరిపడా ఒకేసారి తీసుకోండి, ప్రతి విత్‌డ్రాకీ ఛార్జీ పడుతుంది. చేతిలో నోట్లు తెస్తుంటే 5,000 డాలర్ల విలువ దాటితే కస్టమ్స్‌లో డిక్లరేషన్ ఇవ్వాలి.

మందులు నలభై ఐదు రోజులకు సరిపడా, డబ్బాల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోండి. ఆ ప్రిస్క్రిప్షన్‌లో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు ఉండాలి. ఒకటి తక్కువైతే ఇక్కడి షాపులో ఆ పేరుతోనే దొరుకుతుంది. ఇన్సూరెన్స్ తప్పనిసరి. అమెరికా మెడికేర్ మామూలుగా భారతదేశంలో వైద్యానికి పనికిరాదు. అక్కడ నెలనెలా ప్రీమియం కడుతున్నాం కదా అని ధీమాగా రావద్దు. పాత జబ్బులకు వర్తించే ట్రావెల్ పాలసీ ఒకటి తీసుకోండి, ఆ ఖర్చును టికెట్టు ధరలో భాగం అనుకోండి.

ఇల్లు

నెల మొత్తంలో మీ లెక్కను నిలబెట్టేది, పడగొట్టేది ఇదే. మొదటి మూడు, నాలుగు రోజులు ఏదో ఒక లాడ్జిలో దిగండి. టీటీడీ వసతి గదులు దర్శనానికి వచ్చేవాళ్ళ కోసం కట్టినవి, నెల కాపురానికి వాటిని నమ్ముకోకూడదు. ఆ మూడు, నాలుగు రోజులూ మీకున్న పని ఇల్లు వెతకటం ఒక్కటే. గుడులు తర్వాత చూడొచ్చు.

నెలకు మాత్రమే అద్దెకిచ్చేవాళ్ళు తక్కువ. మామూలు ఇంటికి కొన్ని నెలల అడ్వాన్సు అడుగుతారు, మంచం, గ్యాసు స్టవ్వు ఏమీ ఉండవు. మీకు కావలసింది పిల్లలు విదేశాల్లో స్థిరపడి తాళం వేసి పెట్టిన ఫ్లాటు. తిరుపతిలో అలాంటివి చాలా ఉన్నాయి. బయలుదేరడానికి రెండు నెలల ముందే బంధువుల్లో, మీరున్న దేశంలోని తెలుగువాళ్ళలో మాట వేసి ఉంచండి. తాళం తీసి, దుమ్ము దులిపి, నెల రోజులు దీపం పెట్టేవాళ్ళు దొరికితే ఇంటివాళ్ళకూ సంతోషమే. అలా దొరికితే తక్కువ అద్దెకు ఒప్పుకుంటారు. ఊరికే ఇస్తామన్నా మీరు ఊరికే తీసుకోవద్దు. అపార్టుమెంటు మెయింటెనెన్సు, కరెంటు బిల్లు మీరే కట్టండి, పైన కొంత ఇవ్వండి.

ఏ ప్రాంతంలో చూడాలి? భవానీనగర్, బైరాగిపట్టెడ, కేటీ రోడ్డు ప్రాంతాల్లో అన్నీ నడక దూరంలో ఉంటాయి, అద్దె కొంచెం ఎక్కువ. ఎం.ఆర్.పల్లి, పద్మావతీపురం, తుమ్మలగుంట వైపు ప్రశాంతంగా ఉంటుంది. కరకంబాడి రోడ్డు, మంగళం వైపు ఇంకా చవక. కానీ అక్కణ్ణించి ప్రతి చిన్న పనికీ ఆటో ఎక్కాలి. అద్దెలో మిగిలింది ఆటోలకు పోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రెండు వేలు ఎక్కువైనా ఊరి మధ్యలోనే ఉండండి.

ఇల్లు చూడటానికి పొద్దున్నే వెళ్ళకండి, మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళండి. పడమటి గది గోడ మీద అరచెయ్యి ఆనించండి. గోడ వేడెక్కి ఉంటే రాత్రి పదింటి దాకా ఆ గదిలో పడుకోలేరు. పై అంతస్తు అయితే స్లాబు మీద చలువ సున్నమో టైల్సో వేశారా అని అడగండి. తర్వాత బాత్రూంలో కొళాయి తిప్పి చేతికి సబ్బు రుద్దండి. నురగ రాకుండా సబ్బు తరకలు తరకలుగా విరిగిపోతే అది ఉప్పు బోరు నీళ్ళు. స్నానానికి సర్దుకోవచ్చు గానీ వంటకు, తాగడానికి 20 లీటర్ల క్యాన్లు కొనాల్సిందే. మున్సిపల్ నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, సంపులో నిలవ ఉంటాయా అని ఇంటివాళ్ళను కాదు, పక్కింటివాళ్ళను అడగండి. లిఫ్టు పనిచేస్తోందా, కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ ఉందా కూడా చూడండి. కిటికీలకు దోమల మెష్ లేకపోతే దోమతెర కొనుక్కోండి, డాక్టరు ఫీజు కన్నా చవకే.

తీసుకున్నాక ఒక కాగితం రాసుకోండి. నెల అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన రోజే అడ్వాన్సు తిరిగిస్తారా, కరెంటు మీటరు రీడింగు ఎంత ఉంది. మీటరు దగ్గర నిలబడి ఫోన్లో ఫోటో తీసి ఇంటివాళ్ళకు వాట్సాప్ చేయండి. కరెంటు యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది. ఈ ఫోటో ఉంటే చివర్లో మాటా మాటా అనుకోవాల్సిన పని రాదు.

లెక్క

దంపతులిద్దరికీ నెలకు 40,000 రూపాయలు గీత గీసుకోండి. ఇది ఊరంతటికీ వర్తించే ధరల పట్టిక కాదు, మీరు దాటకూడని హద్దు. అద్దె, మెయింటెనెన్సు కలిపి 15,000. బియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు 9,000. గ్యాసు, కరెంటు, నీళ్ళు 2,500. ఆటోలు, బస్సులు 3,000. పనమ్మాయికి 2,000. ఫోను, ఇంటర్నెట్ 700. డాక్టరు, మందులు 3,000. బయట తిండి, కాఫీలు 2,000. మిగిలిన 2,800 చదివింపులకు, తాంబూలాలకు, అనుకోకుండా వచ్చే చిన్నా చితకా వాటికి. ఇది కాక 50,000 బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచండి, అది ఆసుపత్రి డబ్బు.

అద్దె 15,000 కన్నా తక్కువకు దొరికితే మిగిలింది వేరే ఖర్చులోకి మళ్ళించకుండా అలాగే వదిలేయండి. ప్రతి రాత్రీ ఒక చిన్న నోటుబుక్కులో ఆ రోజు ఖర్చు రాయండి. ఫోన్లో యాప్ కన్నా నోటుబుక్కు నయం, ఇద్దరూ చూస్తారు. ఇంకో ముఖ్యమైన మాట: దేన్నీ డాలర్లలోకో దీనార్లలోకో మార్చి చూడకండి. "ఇదెంత, అక్కడ ఒక కాఫీ డబ్బు కూడా కాదు" అనుకుంటూ రోజుకు నాలుగుసార్లు ఖర్చుపెడితే నెలాఖరుకు గీత దాటిపోతుంది. మా వీధిలో రిటైరైన టీచర్లు, దేవస్థానం ఉద్యోగులు పెన్షన్ రూపాయల్లో తీసుకుని రూపాయల్లోనే బతుకుతున్నారు. ఆ లెక్క మీకు ఒంటబడుతుందా లేదా అన్నది ఈ నెలలో తేలాలి.

వంటిల్లు

వంట ఇంట్లోనే మొదలుపెట్టండి, అదీ మొదటి రోజు నుంచే. గ్యాసు కనెక్షన్ కోసం తిరగక్కర్లేదు. 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, చిరునామా రుజువు లేకుండానే గ్యాసు ఏజెన్సీల్లో దొరుకుతుంది. ఇంట్లో ఇండక్షన్ స్టవ్వు ఉంటే అదీ కలిపి వాడుకోవచ్చు. రెండు గిన్నెలు, ఒక కుక్కరు, ఒక పెనం, పోపు గరిటె. ఇంతకు మించి కొనొద్దు. మిగతావి బంధువుల ఇంట్లో అటక మీద ఉంటాయి, అడిగితే ఇస్తారు.

కూరగాయలకు రైతు బజారుకు వెళ్ళండి. ఏడు గంటలకల్లా అక్కడుండాలి. ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి, ముందు అది చదివి అప్పుడు లోపలికి నడవండి. మొదటి చుట్టు ఏమీ కొనకుండా తిరగండి. ఎర్రగడ్డలు (ఉల్లి), ఉర్లగడ్డలు (బంగాళాదుంప), తెల్లగడ్డలు (వెల్లుల్లి) వారానికి సరిపడా తీసుకోండి. ఆకుకూరలు మాత్రం ఏ రోజువి ఆ రోజే. మంచు తడితో వచ్చిన చిర్రాకు, చుక్కాకు, మెంతాకు కట్టలు ఎనిమిదిన్నర దాటితే వాడిపోతాయి. నాలుగు రకాలు ఒకరి దగ్గరే కొంటే కరివేపాకు రెబ్బ, రెండు పచ్చిమిరపకాయలు ఊరికే సంచిలో వేస్తారు. అక్కడ రెండు రూపాయల కోసం గీసి గీసి బేరమాడొద్దు. తెల్లవారక ముందే పల్లె నుంచి మోసుకొచ్చినవాళ్ళు వాళ్ళు.

టమాటా విషయంలో మదనపల్లె మార్కెట్ మాటే మాట. 2023 జులై, ఆగస్టుల్లో కిలో 200 రూపాయలు దాటిన టమాటా, వేరే నెలల్లో రైతులు రోడ్డు మీద పారబోసేంత చౌక. రేటు ఎక్కువున్న వారం చింతపండుతో నడిపించండి. పచ్చిపులుసు, చింతాకు పప్పు, పుల్లకూర ఇవన్నీ మన ఇళ్ళలో అలా వచ్చిన వంటలే.

చలికాలంలో వస్తే అనపకాయలు తప్పకుండా కొనండి. ఈ జిల్లా రుచి అది. కాయలు ఒలిచి గింజలు రాత్రికి నీళ్ళలో నానబెట్టాలి. పొద్దునకి తోలు ఉబ్బుతుంది. ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు తోలులోంచి చటుక్కున జారి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పితికితే అరగంట పని. కొబ్బరి, గసగసాలు, ధనియాలు నూరి పోసి పులుసు పెడితే రెండు పూటలకు వస్తుంది. పక్కన రాగి సంగటి ఉంటే వేరే కూర అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళకు సంగటి మంచిదని ఎడాపెడా తినకండి. రాగుల్లోనూ పిండి పదార్థమే ఎక్కువ, ముద్ద చిన్నదిగా ఉంచి ఆకుకూర పెంచండి. శెనక్కాయలు వేయించి ఊరిబిండి నూరి పెట్టుకుంటే దోసెకు, సంగటికి, అన్నానికి మూడింటికీ పనికొస్తుంది.

వంట చెయ్యబుద్ధి కాని పూట కర్రీ పాయింటు ఉంది. అన్నం ఇంట్లో వండుకుని కూర, పప్పు, రసం తెచ్చుకుంటే హోటల్ భోజనం కన్నా బాగా తక్కువ. టిఫిన్ బండి దగ్గర ఎర్రకారం దోసె వారానికి ఒకసారి చాలు, అది పొదుపు కోసం కాదు, పొట్ట కోసం చెప్తున్నాను. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకే భోజనం పెడతారు. అది కూలి పనులకు పోయేవాళ్ళ కోసం, ఆసుపత్రుల దగ్గర పడిగాపులు కాసేవాళ్ళ కోసం పెట్టింది. పెన్షన్ వస్తున్న మనం పొదుపు పేరుతో ఆ వరసలో నిలబడకూడదని నా గట్టి అభిప్రాయం.

తిరగటం

స్టేషన్ బయట నిలబడి ఆటో మాట్లాడితే యాత్రికుల రేటే చెప్తారు. రెండు వందల అడుగులు నడిచి మెయిన్ రోడ్డు మీదికొచ్చి షేర్ ఆటో ఎక్కండి, లేదా ఫోన్లో యాప్ ద్వారా పిలవండి. చంద్రగిరి, కాళహస్తి, కాణిపాకం ఎక్కడికైనా ఆర్టీసీ బస్సులున్నాయి. అరవై దాటినవాళ్ళకు ఆర్టీసీలో ఛార్జీ 25 శాతం తగ్గుతుంది, వయసు రుజువు చూపాలి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది ఏపీ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకు, అదీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో. పాత ఆధార్ ఉన్న భారత పాస్‌పోర్టు ఆడవాళ్ళు అందులో చిరునామా చూసుకోండి. నెల రోజుల కోసం స్కూటరు అద్దెకు తీసుకోవాలనే ఆలోచన మాత్రం మానుకోండి. ఎడమ వైపు డ్రైవింగ్ అలవాటు తప్పినవాళ్ళకు తిరుచానూరు రోడ్డు ట్రాఫిక్ ప్రమాదం.

ఒంట్లో బాగోకపోతే

ఊళ్ళోకి వచ్చిన మొదటి వారంలోనే, ఏ జబ్బూ లేనప్పుడే, దగ్గర్లోని ఒక ఎంబీబీఎస్ డాక్టరును కలిసి బీపీ చూపించుకుని మీ మందుల చీటీ ఇచ్చి రండి. అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో అప్పుడు తెలుస్తుంది. పెద్ద వైద్యానికి స్విమ్స్ ఉంది, ఎముకలకు బర్డ్, ప్రభుత్వ వైద్యానికి రుయా. అలిపిరి దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, శుక్లాల పరీక్ష ఎన్నాళ్ళనుంచో వాయిదా వేస్తున్నవాళ్ళు ఈ నెలలో చేయించుకోండి. వేలూరు సీఎంసీ చిత్తూరు నుంచి 35 కిలోమీటర్లే, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళు తరతరాలుగా వెళ్తున్న ఆసుపత్రి. ఓపీలకు తెల్లవారే వెళ్ళాలి, తోడు ఒకరుండాలి, చేతిలో పుస్తకం, నీళ్ళ సీసా ఉండాలి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులకు జన ఔషధి షాపులో అడగండి, అదే మందు బ్రాండు ధరలో చిన్న వంతుకే వస్తుంది. మార్చేముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి. ఎన్టీఆర్ వైద్య సేవ లాంటి పథకాలు ఇక్కడి కార్డుదారులకు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

దర్శనం, కాలక్షేపం

కొండ దర్శనం ఒక్కసారి పెట్టుకోండి, ముందే ప్లాన్ చేసుకుని. 65 దాటినవాళ్ళకు టీటీడీ ప్రత్యేక కోటా ఉంది, ఆన్‌లైన్లో నెలల ముందే తీసుకోవాలి. 300 రూపాయల టికెట్టూ అంతే. ఏ గుర్తింపు కార్డు నంబరుతో బుక్ చేశారో ఆ ఒరిజినలే తీసుకెళ్ళాలి. ఇవి దొరకలేదని దళారుల చేతిలో డబ్బు పెట్టకండి. టోకెన్ల తోపులాటల్లోకి అసలు వెళ్ళకండి. 2025 జనవరిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. స్వామి ఎక్కడికీ పోడు, వచ్చేసారి చూడొచ్చు. కొండ మీద ధర్మరథం బస్సులూ, వెంగమాంబ అన్నప్రసాదం కాంప్లెక్సులో భోజనమూ అందరికీ ఉచితమే. ఆ ప్రసాదం మాత్రం తప్పకుండా తినండి, అక్కడ ధనిక పేద అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు.

మిగిలిన రోజులు ఎలా గడుస్తాయన్న టెన్షన్ వద్దు. పొద్దున ఎస్వీ యూనివర్సిటీ చెట్ల కింద నడక. ఊరంతా పదవీ విరమణ చేసినవాళ్ళు అక్కడే కలుస్తారు, రెండు రోజులు కనబడితే మూడో రోజు పేరు పెట్టి పిలుస్తారు. సాయంత్రాలు మహతి ఆడిటోరియంలోనో అన్నమాచార్య కళామందిరంలోనో కచేరీయో హరికథో ప్రవచనమో ఉంటుంది, టికెట్టు ఉండదు. వారం మధ్యలో గోవిందరాజస్వామి గుడి, తిరుచానూరు, కపిలతీర్థం ప్రశాంతంగా చూడొచ్చు. శని, ఆదివారాలు వాటిని యాత్రికులకు వదిలేయండి.

మనుషులు

పనమ్మాయి జీతం అపార్టుమెంటులో మిగతావాళ్ళు ఎంతిస్తున్నారో అడిగి, దానికి ఒక వంద కలిపి ఇవ్వండి. "నెలరోజులే కదా" అని తగ్గించవద్దు. మీ కోసం ఆమె ఇంకో ఇల్లు వదులుకుని ఉండొచ్చు. అలాగే డాలర్ల మనుషులమని మూడింతలు ఇవ్వటం కూడా మంచిది కాదు. మీరు వెళ్ళాక ఆమెకూ, అక్కడుండే ఇరుగుపొరుగుకూ మధ్య పేచీ అవుతుంది.

బంధువుల విషయం అసలైన పరీక్ష. "ఫారిన్ నుంచి వచ్చారు" అనగానే పెళ్ళి పిలుపులు, గృహప్రవేశాలు, చేబదుళ్ళు మొదలవుతాయి. మొదటి ఫోన్లోనే చెప్పేయండి: "అక్కా, ఇక్కడే స్థిరపడగలమా అని చూడటానికి వచ్చాం. లెక్క పెట్టుకుని బతుకుతున్నాం." ఆ మాట నిజాయితీగా చెప్తే ఎవరూ తప్పు పట్టరు. చదివింపులు అందరికీ ఒకే మొత్తం నిర్ణయించుకోండి. భోజనానికి పిలిస్తే వెళ్ళండి, తిరిగి మీరూ పిలవండి, వండి పెట్టండి. హోటల్‌కు తీసుకెళ్ళడం మొదలుపెడితే అది ఆగదు. అప్పు అడిగితే ఇవ్వాలో వద్దో దంపతులిద్దరూ ముందే మాట్లాడుకుని ఉండాలి, అప్పటికప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు.

చివరి వారం

నోటుబుక్కు తీసి కూడండి. వచ్చిన మొత్తానికి, ఏడాదంతా ఉంటే వచ్చే ఖర్చులు కలపండి: మూడు నెలల ఏసీ కరెంటు, ఇన్సూరెన్స్, ఏటా పిల్లల దగ్గరికి ఒకసారి విమాన టికెట్లు, పళ్ళు, కళ్ళజోళ్ళు. దాన్ని మీ పెన్షన్ పక్కన పెట్టి చూడండి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళకు నెలనెలా పెన్షన్ ఉండదు కాబట్టి పొదుపు మీద వచ్చే వడ్డీతోనే ఈ పోలిక చేయాలి, అసలు ముట్టుకోకూడదు.

ఖాళీ చేసే ముందు రోజు మీటరు మళ్ళీ ఫోటో తీయండి, అడ్వాన్సు చేతికొచ్చాకే తాళాలివ్వండి. మిగిలిన బియ్యం, పప్పులు పనమ్మాయికి ఇచ్చేయండి. సిమ్ బతికి ఉండేలా కనీస రీఛార్జి చేయించండి, రూపాయలు మిగిలితే ఎన్ఆర్ఓ ఖాతాలో వేయండి.

ఈ వారంలోనే ఎవరో ఒకరు కరకంబాడి వైపో కాళహస్తి రోడ్డు వైపో స్థలం చూపిస్తామని కారు తెస్తారు. చూడటానికి వెళ్ళినా అడ్వాన్సు ఇవ్వకండి. ఎన్నారైలు, ఓసీఐలు వ్యవసాయ భూమి, తోటలు, ఫాంహౌస్ కొనకూడదని ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధన ఉంది, ఇల్లూ ఇళ్ళ స్థలమూ కొనొచ్చు. "లేఅవుట్ అప్రూవల్ త్వరలో వస్తుంది" అంటే ఇంకా అది పొలమే అని అర్థం. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి కాగితం చూపించమనండి, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించండి, సొంత లాయరుకు చూపించండి. అన్నీ సరిగ్గా ఉన్నా సంతకం ఇప్పుడే పెట్టొద్దు. ఇంకోసారి మే నెలలో వచ్చి, అదే ఇంట్లో, అదే 40,000 గీతతో ఇంకో నెల ఉండి చూడండి. ఆ ఎండలో కూడా ఇద్దరికీ ఇక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు ఇల్లు వెతకండి.